మిగిల్చిన కూలి వడ్డీకే పోయింది

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 46,000. ఇంటి ఖర్చు 35,000, చీటీ 5,000 (లక్ష చీటీ, 20 నెలలు; 12 కట్టాను). 2011 నవంబరులో రిజిస్టరైన డీజిల్ ఇన్నోవా ఉంది, 2.6 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఆఫీసుకు బైకు మీద వెళ్తాను, కారు ఊరికీ పెళ్ళిళ్ళకూ తీస్తాం. రాత్రిళ్ళు ఇంటి ముందు వీధిలో పెడతాం. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. రెండేళ్ళలో అలా 22,000 దాకా కూలి మిగిలింది, సామాన్లకు 20,000 అయింది. అది కాక క్లచ్‌కు 28,000 బిల్లు వస్తే లోన్ యాప్‌లో 28,000 తీసుకున్నాను. చేతికి 25,200 వచ్చింది, నెలకు 5,600 చొప్పున ఆరు నెలల్లో తీర్చాను. ఎనిమిది నెలల కిందట, డీజిల్ ఫిల్టర్ మార్చిన పదిహేను రోజులకు, పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ మొదలైంది. మెకానిక్ ఇంజెక్టర్లు పోయాయన్నాడు. 36,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వేయించాను, అసలు అలాగే ఉంది. ఇప్పుడు టైమింగ్ బెల్ట్ లైటు వెలిగింది, మెకానిక్ 9,500 అడుగుతున్నాడు. ఇన్సూరెన్సు అయిపోయి నాలుగు నెలలైంది. ఖాతాలో 11,000 ఉంది. ఇంట్లో బంగారం పెట్టి లక్షన్నర తెచ్చి బెల్టు, టైర్లు, పెయింటు అన్నీ ఒకేసారి చేయించనా? చీటీ పాడనా? ఇప్పుడు 78,000 వస్తుంది. లేక 7 లక్షల లోనుతో కొత్త కారు కొననా? బెల్టు వీడియో చూసి నేనే వేసుకోవచ్చా?

జవాబు: మీలా చేతి పని తెలిసి, కష్టపడి కూలి మిగుల్చుకుని, ఆ మిగులును కళ్ళ ముందే పోగొట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. యాప్‌కు మీరు కట్టింది 33,600, చేతికి వచ్చింది 25,200. అంటే 8,400 వడ్డీ. నెలనెలా అసలు తగ్గుతూ వచ్చింది కాబట్టి, సరిగ్గా లెక్కిస్తే నూటికి నెలకు దాదాపు తొమ్మిది రూపాయలు పడింది. వీధి చివర వడ్డీ వ్యాపారి తొమ్మిది రూపాయలంటే మీరు గుమ్మం దిగి వచ్చేసేవారు. 2022 సెప్టెంబరులో ఆర్‌బీఐ తెచ్చిన నిబంధనల ప్రకారం, చార్జీలన్నీ కలిపిన వార్షిక రేటును అప్పు ఇచ్చే ముందే చూపించి తీరాలి. అది చూడకుండా ఓకే నొక్కడం వల్ల వచ్చిన నష్టం ఇది. ఇక 36,000కు మూడు రూపాయల వడ్డీ నెలకు 1,080, ఎనిమిది నెలలకు 8,640. రెండూ కలిపితే 17,040. కారు కింద పడుకుని రెండేళ్ళలో మిగిల్చిన 22,000లో మీకు దక్కింది 4,960.

తప్పు రిపేరు మీరే చేసుకోవడంలో లేదు. మిగిలిన కూలిని విడిగా తీసి పెట్టకపోవడంలో ఉంది. పదిహేనేళ్ళ కారుకు ఖర్చు వస్తుందని మీకు తెలుసు, ఏ నెలలో వస్తుందన్నదే తెలియదు. తప్పకుండా వచ్చే ఖర్చుకు డబ్బు పక్కన పెట్టకుండా, వచ్చిన ప్రతిసారీ అప్పు కోసం పరిగెడితే ఏ కారూ చవక కాదు.

చేతిలో డబ్బు లేకపోతే వడ్డీ ఒక్కటే కాదు, రిపేరు కూడా తప్పుతుంది. సిలిండర్లలోకి డీజిలు చిమ్మే ఆ ఇంజెక్టర్ల సంగతే చూడండి. ఫిల్టర్ మార్చిన పక్షం రోజులకు పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ అంటే ముందు చూడాల్సింది ఆ ఫిల్టర్‌నే. రబ్బరు రింగు మెలి పడి కూర్చున్నా, పైపు క్లిప్పు సరిగా పడకపోయినా, రాత్రంతా ఆగి ఉన్నప్పుడు సందులోంచి గాలి దూరి డీజిలు ట్యాంకు వైపు జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా పట్టుకోదు, ఒకసారి పట్టుకుంటే రోజంతా బాగానే ఉంటుంది. పరీక్ష తేలిక. రాత్రి ఆపి, పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు ఫిల్టర్ మీది చేతి పంపును గట్టిపడేదాకా నొక్కండి. అప్పుడు వెంటనే స్టార్టయితే గాలి లీకే. కాకపోతే ఇంజెక్టర్లకు రిటర్న్ టెస్టు చేయించాలి. నాలుగింటి రిటర్న్ పైపులనూ నాలుగు సీసాల్లో పెట్టి, ఇంజను నడిపి, ఏ సీసాలో డీజిలు ఎక్కువ చేరిందో చూస్తారు. ఎక్కువ వదిలేదే చెడిపోయినది. మీ ఉత్తరంలో ఈ రెండింటిలో ఏదీ లేదు. ఇంజెక్టర్లు పోలేదని నేను అనడం లేదు, పరీక్ష జరగలేదని అంటున్నాను. పది వేలు చేతిలో ఉన్న మనిషి కారును నాలుగు రోజులు ఆపి ఇంకో డీజిల్ పంపు మెకానిక్‌కు చూపిస్తాడు. అప్పు తెచ్చిన మనిషి ఆ డబ్బును ఆ రోజే కట్టేస్తాడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్ళడం ఇలాగే జరుగుతుంది.

ఇప్పుడు టైమింగ్ బెల్టు, అంటే ఇంజనులో పిస్టన్ల కదలికకూ వాల్వుల కదలికకూ లంకె కలిపే బెల్టు. మీరు వేయకండి. డాష్‌బోర్డు మీద వెలిగే ఆ లైటు బెల్టును చూసి వెలగదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది. బెల్టు బాగానే కనిపిస్తోందని వాయిదా వేసేవాళ్ళూ ఉన్నారు, బెల్టు మార్చకుండా లైటును మాత్రం ఆర్పేసేవాళ్ళూ ఉన్నారు. ఈ 2.5 లీటర్ల డీజిల్ ఇంజనులో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. రాకర్ ఆర్ములు విరుగుతాయి, వాల్వులు వంగుతాయి, హెడ్డు విప్పాల్సి వస్తుంది. అక్కడి నుంచి బిల్లు లక్ష దాటడం మామూలే. బెల్టు వేసేటప్పుడు కలపాల్సిన కామ్ గుర్తు, క్రాంక్ గుర్తు ఒక్క పన్ను తేడాగా కూర్చున్నా ఇంజను సరిగా నడవదు, ఇంకొన్ని పళ్ళు తప్పితే తెగినంత పనే అవుతుంది. మెకానిక్ 9,500లో బెల్టుతోపాటు దాన్ని బిగువుగా పట్టే టెన్షనరు, ఐడ్లర్ బేరింగూ ఉన్నాయో లేదో అడగండి. పాత టెన్షనరు మీద కొత్త బెల్టు వేస్తే చేసిన పని సగమే. పాత సామాన్లు మీ చేతికి ఇమ్మనండి.

ఇంట్లో ఏది చేయాలి, ఏది చేయకూడదు అన్నదానికి నేను చూసే కొలత ఒక్కటే: తప్పు జరిగితే పోయేది ఎంత? ఆయిలు మార్పులో తప్పు జరిగినా, లీకు చూసుకుని అప్పుడే పట్టుకుంటే పోయేది ఒక లీటరు ఆయిలు, ఒక వాషరు. కాబట్టి చేసుకోండి. ఇంజను కాస్త వేడిగా ఉన్నప్పుడు దించండి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేయండి, ఫిల్టరు రబ్బరుకు కొత్త ఆయిలు రాసి చేత్తోనే బిగించండి. పోశాక ఒక నిమిషం నడిపి, ఆపి, ఐదు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ చూడండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. మిగులు ఆయిలు బ్రీదర్ పైపు గుండా గాలి వెళ్ళే దారిలోకి చేరుతుంది. ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ, బల్బులు, వైపర్లు కూడా మీ పనే.

ముందు బ్రేక్ ప్యాడ్లు మీకు అలవాటే అన్నారు. రెండు షరతుల మీద చేసుకోండి. జాకీ మీద నిలిపిన బండి కిందికి వెళ్ళవద్దు, స్టాండ్లు కొనండి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. కాలిపర్ పిస్టన్‌ను లోపలికి తోసేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిలు పొంగుతుంది, అది పడ్డచోట పెయింటు లేచిపోతుంది. ముందే కొంచెం తీసేయండి. కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు తుడిచి వాటికి తగిన గ్రీజు రాయకపోతే ఒక ప్యాడు ఆరు నెలల్లో అరుగుతుంది, రెండోది కొత్తగానే ఉంటుంది. పని అయ్యాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మర్చిపోతే మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. మాస్టర్ సిలిండర్, బ్రేక్ గొట్టాలు, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్లు, ఇంజెక్టర్ పైపులు జోలికి వెళ్ళవద్దు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఇంజను నడుస్తుండగా నట్టు వదులు చేస్తే డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది.

ఇన్సూరెన్సు సంగతి బెల్టు కంటే ముందు. ఈ ఉత్తరం చదవగానే ఫోన్‌లోనే థర్డ్ పార్టీ తీసుకోండి, అప్పటిదాకా తాళం ముట్టుకోవద్దు. 1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకు 2022 జూన్‌లో పెట్టిన రేటు 7,897. 18 శాతం జీఎస్టీతో 9,318. ఇంకో పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరు లేకపోతే దాన్నీ కలపాలి, కొన్ని వందలు పెరుగుతుంది. పాలసీ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 2,000. అది చూసి 9,000 కంటే 2,000 నయం అని లెక్కేసేవాళ్ళున్నారు. ఆ బండి ఒక మనిషిని గుద్దితే ట్రిబ్యునల్ వేసే పరిహారానికి పై పరిమితి లేదు. పాలసీ ఉంటే కంపెనీ కడుతుంది, లేకపోతే మీ ఇల్లు, మీ జీతం కట్టాలి. ఈ నాలుగు నెలలూ మీ కుటుంబం మొత్తాన్ని ఆ కారు మీద పందెం పెట్టారు.

అలాగని ఫుల్ ఇన్సూరెన్సు ఉంటే నిధి అక్కర్లేదనుకోవద్దు. క్లచ్, ఇంజెక్టర్లు, బెల్టు లాంటి అరుగుదల ఖర్చులు ఏ మోటారు పాలసీలోనూ రావు. ప్రమాదం జరిగినా రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు సగం, పదేళ్ళు దాటిన బండిలో ఇనుప సామాన్లకూ సగం తరుగు తీసేస్తారు. మీ కారుకు థర్డ్ పార్టీ, దానికి తోడు సొంత నిధి చాలు.

డబ్బు వరుస ఇలా పెట్టుకోండి. ఉన్న 11,000లో ముందు ఇన్సూరెన్సు. బంగారం మీద బ్యాంకులో 36,000 మాత్రమే తీసుకుని మూడు రూపాయల అప్పు అదే రోజు తీర్చేయండి. బ్యాంకులో నెలకు నూటికి రూపాయి లోపే పడుతుంది, అంటే 1,080 కట్టే చోట దాదాపు 300. బంగారం మీద లక్షన్నర ఇస్తామంటారు, ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోవద్దు. పెయింటు కోసం ఇంటావిడ నగలు తాకట్టు పెట్టే ఆలోచన ఇంకెప్పుడూ రానివ్వవద్దు.

జీతంలో ఖర్చు, చీటీ, ఈ వడ్డీ పోను 5,700 మిగులుతుంది. రెండు జీతాలు పడేదాకా కారు కదలకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి పెట్టండి. ఆ రెండు నెలల డబ్బుతో అప్పు లేకుండా బెల్టు పడుతుంది, ఇంకా మూడు వేల దాకా మిగులుతుంది. టైర్లు ఎంత అరిగాయో రాయలేదు. గాడిలో ఉండే అరుగుదల గుర్తుకు ట్రెడ్ సమానమై ఉంటే బెల్టు పడ్డా బండి తీయొద్దు, టైర్లకు చాలినంత చేరేదాకా ఆగండి.

మూడో నెల నుంచి కారు నిధి. మీ లెక్క ప్రకారమే రెండేళ్ళలో సామాన్లు 20,000, క్లచ్ 28,000, ఇంజెక్టర్లు 36,000, మొత్తం 84,000. నెలకు 3,500. ఇన్సూరెన్సుకు నెలకు 777 కలిపి 4,300 అనుకోండి. జీతం పడ్డ రోజే, ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలోకి ఆటోమేటిగ్గా వెళ్ళాలి. మీరే ఆయిలు మార్చిన ప్రతిసారీ మెకానిక్ తీసుకునే కూలిని అదే రోజు ఆ ఖాతాలో వేయండి. వేయకపోతే ఆ కూలి మిగిలినట్టు కాదు.

ఇది కుటుంబ అత్యవసర నిధి కాదు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరు ఆస్పత్రిలో చేరినా కావాల్సిన ఆ నిధి వేరే. మీకు కనీసం మూడు నెలల ఖర్చు, 1,05,000. మిగిలే 1,400 నెలనెలా అందులోకి. చీటీ పాడవద్దు. లక్షలో 22,000 వదులుకుని టైర్లు కొనడం కూడా అప్పే. ఇంకో ఎనిమిది నెలలు ఆగితే, 7 శాతం కమిషన్ పోయినా 93,000 వస్తుంది. అందులో 36,000తో బంగారం విడిపించండి, 57,000 అత్యవసర నిధికి. చీటీ వాయిదా ఆగిపోయాక నెలకు 6,700 వేయగలరు, మరో ఆరు నెలల్లో నిధి నిండుతుంది. ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. కంపెనీ ఇచ్చినది తప్ప ఏమీ లేకపోతే నిధి నిండేదాకా ఆగకుండా తీసుకోండి.

కొత్త కారుకు 7 లక్షలు, తొమ్మిదిన్నర శాతం, ఐదేళ్ళు అంటే ఈఎంఐ దాదాపు 14,700. మీ మిగులు 5,700. దీని మీద ఇంకో మాట అక్కర్లేదు.

మీ ఆర్‌సీ 2026 నవంబరుతో పదిహేనేళ్ళు నిండుతుంది. గడువుకు 60 రోజుల ముందు నుంచి రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కారుకు 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం పెట్టిన ఫీజు 5,000, దాని మీద పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్ళే ముందు హ్యాండ్ బ్రేకు, హెడ్‌లైట్ల ఎత్తు, పొగ, స్టీరింగ్ వదులు చూసుకోండి. ఈ ఖర్చుకూ కారు నిధిలోంచే తీయండి, అందులో చాలకపోతే బండిని నెల రోజులు ఆపండి.