పదకొండు మంది పిల్లలున్న బడికి వెళ్లిన కోడలికి

కోడలు పిల్లకు మామ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మీ సర్కారు బడి దగ్గరే ఉంది. ఐదు తరగతులకు కలిపి పదకొండు మందే అన్నావు. మిగతా పిల్లల్ని పొద్దున్నే ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కించుకుపోతుంటే గేటు దగ్గర నిలబడి చూస్తున్నానన్నావు. ముప్పై ఏళ్లు ఇలాంటి బడుల్లోనే పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

జూన్‌లో బడిబాట అని బ్యానర్ పట్టుకుని, పిల్లల్ని మన బడిలో చేర్పించమని ఇంటింటికీ తిరుగుతాం. తిరగాలి, కాదనను. కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది. మన ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి. ప్రైవేటు బడి మూడేళ్లకే నర్సరీ అని తీసుకుంటుంది. రెండేళ్లు ఆ బస్సుకు అలవాటైన పిల్లను తల్లి ఎందుకు మానిపిస్తుంది? ఇది అర్థమయ్యేసరికి నా సర్వీసు సగం అయిపోయింది. అందుకే నువ్వు ముందు పోవాల్సింది అంగన్‌వాడీకి. వారానికి ఒక పూట ఆ పిల్లల్ని మన బడికి తెచ్చి ఆటలాడించు, పాటలు పాడించు. అక్కడి టీచర్‌తో కలిసిమెలిసి ఉండు. ఏ ఇంట్లో ఎన్నేళ్ల పిల్ల ఉందో ఊళ్లో ఆమెకే బాగా తెలుసు.

ఇక ఉన్న పదకొండు మంది. సంక్రాంతి లోపు మూడో తరగతి పైవాళ్లంతా తెలుగు తడబడకుండా చదవాలి. మిగతావి కాస్త వెనకబడినా పర్వాలేదు. చదవడం వచ్చిన పిల్లను ఇంట్లో పెళ్లిపత్రికో, ఎరువు బస్తా మీది రాతో అమ్మానాన్నలకు చదివి వినిపించమను. ఆ తల్లి మరునాడు పత్తి చేనులో పదిమందికి చెప్తుంది. 2022–23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం ఉందని తెలియని తల్లిదండ్రులు నాకు ఇంకా కనబడుతూనే ఉన్నారు, అది కూడా చెప్పు. తల్లిదండ్రుల మీటింగ్ మాత్రం పగలు పెట్టకు. పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకుని ఎవరూ రారు. చీకటి పడ్డాక పంచాయతీ అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడు.

మీరిద్దరే టీచర్లు. ఒకరికి ట్రైనింగ్ పడిన రోజు రెండోవాళ్లు సెలవు పెట్టొద్దు. ఒక్కరోజు బడికి తాళం పడితే ఊరు ఏడాదంతా ఆ మాటే అంటుంది.

చట్టం ప్రకారం అరవై మంది వరకు ఇద్దరు టీచర్లుండాలి. అయినా పిల్లలు మరీ తగ్గితే సర్దుబాటు అని ఒకరిని వేరే బడికి పంపుతారు. ఆ టెన్షన్‌తోనే ఒక ఏడు నేను తప్పు చేశాను. బస్సెక్కి పోయే నలుగురి పేర్లు రిజిస్టర్‌లో ఉంచి హాజరు వేశాను. తనిఖీ రోజు పేర్లు పిలుస్తుంటే, ‘వాళ్లు మన బడి కాదు కదా సార్’ అని మూడో తరగతి పిల్లాడు అమాయకంగా అన్నాడు. వాడి కళ్లలోకి చూడలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. తక్కువుంటే తక్కువే రాయి తల్లీ.

ఈ వారంలోనే అంగన్‌వాడీకి వెళ్లి, వచ్చే జూన్‌కు ఐదేళ్లు నిండే పిల్లలెవరో రాసుకో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ పేర్లు నాకు చదివి వినిపించు.

మీ మామ