కేర్ హోమ్‌లో అమ్మ ఒంటి మీద గాయాలు... ఫిర్యాదు ఎలా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు, పార్కిన్సన్స్ ఉంది. మేమిద్దరం ఉద్యోగస్తులం కావడంతో బెంగళూరులో హెణ్ణూరు వైపున్న ఒక కేర్ హోమ్‌లో చేర్పించాం. ఈమధ్య బాగా చిక్కిపోయింది. జబ్బల లోపలివైపు కమిలిన మచ్చలు, మణికట్ల చుట్టూ గీతలు ఉన్నాయి. అడిగితే పడిపోయిందంటున్నారు. ఆయా ముందు అమ్మ నోరు విప్పదు. నీళ్లు అడిగినా ఇవ్వరని, రాత్రిళ్లు చేతులు కట్టేస్తారని ఒకసారి నా చెవిలో చెప్పింది. ఏం చేయాలి?

జవాబు: ముందు అమ్మగారిని బయటికి తీసుకురండి. నిలదీయడం తర్వాత. మీరు గొడవపడి ఇంటికొచ్చేస్తే ఆ రాత్రి ఆమె వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. డాక్టరుకు చూపించాలని చెప్పి తీసుకెళ్లండి. పంపం అంటే అక్కడి నుంచే 112కు ఫోన్ చేయండి.

ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. గాయాల మీద అనుమానం ఉందని, ఎం.ఎల్.సి. (పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో-లీగల్ కేసు) నమోదు చేయమని డాక్టరును అడగండి. కేసు నిలబడేదీ పడిపోయేదీ ఈ కాగితం దగ్గరే. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు తరచూ పడతారు కాబట్టి హోమ్ వాళ్లు ఆ మాటే పట్టుకుంటారు. కానీ పడితే సాధారణంగా మోకాళ్లకు, మోచేతులకు, తుంటికి, నుదుటికి తగులుతుంది. జబ్బ లోపల వేళ్ల ముద్రలు, మణికట్టు చుట్టూ గీత పడటం వేరు. ప్రతి గాయం చోటు, కొలత, రంగు రాయించండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే దాచకుండా చెప్పండి, వాటివల్ల కూడా ఒళ్లు కములుతుంది. నడుము కింద, మడమల దగ్గర పడకపుండ్లు ఉన్నాయేమో చూడమనండి. ఒంట్లో నీరు తగ్గిందేమో తెలియడానికి సోడియం, యూరియా, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి.

ఫొటోలు గాయం పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి. అసలు ఫైళ్లు ఫోన్‌లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపిన కాపీ మీద ఆధారపడకండి. కోర్టులో వాటితోపాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ ఇవ్వాలి. సీసీటీవీ రికార్డు కొద్దిరోజుల్లో చెరిగిపోతుంది కాబట్టి, ఫలానా తేదీల ఫుటేజీ భద్రపరచమని అమ్మగారు బయటికొచ్చిన రోజే హోమ్‌కు ఈమెయిల్ పెట్టండి. మందుల చార్టు కాపీ అడగండి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మందు వేళకు పడకపోతే ఒళ్లు బిగుసుకుంటుంది, మింగడం కూడా కష్టమవుతుంది. మనిషి చిక్కిపోవడానికి అదీ కారణం కావచ్చు.

ఇక పోలీసు ఫిర్యాదు. చాలామంది "సరిగ్గా చూసుకోవడం లేదు" అని రాసి ఎన్.సి.ఆర్. (పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయలేని నేరమని రాసిచ్చే) చీటీతో తిరిగొస్తారు. ఒప్పుకున్న సంరక్షణ చేయకపోవడం భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 357వ సెక్షన్ కింద నేరమే, కానీ శిక్ష 3 నెలలు దాటదు, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే జరిగింది జరిగినట్టు, అమ్మగారి మాటల్లోనే రాయండి. చేతులు కట్టేయడం అదే న్యాయ సంహిత 127(2) కింద అక్రమ నిర్బంధం. పార్కిన్సన్స్ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉంది. వైకల్యం ఉన్న మనిషి తమ సంరక్షణలో ఉండగా తెలిసి తెలిసి తిండి, నీళ్లు ఇవ్వకపోతే ఆ చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు. ఫిర్యాదులో ఈ సెక్షన్ తప్పకుండా పేర్కొనండి, వైకల్య ధ్రువపత్రం ఉంటే జతచేయండి.

వాంగ్మూలం కోసం అమ్మగారిని స్టేషన్‌కు తిప్పనక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు పాటించాల్సిన విధానాల చట్టం) 179వ సెక్షన్ ప్రకారం మహిళలను వాళ్లుండే చోటే విచారించాలి. ఆమె తెలుగులోనే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందించకండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే అదే సురక్షా సంహిత 173(4) కింద డీసీపీకి పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు కోర్టు. దారి తోచకపోతే సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం ట్రిబ్యునల్‌కు వెళ్లమని ఎవరైనా చెబుతారు. అది ముఖ్యంగా పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించడానికి. హోమ్ మీద నష్టపరిహారానికి వినియోగదారుల కమిషన్ సరైన చోటు, గడువు 2 ఏళ్లు.

డిపాజిట్ తిరిగిచ్చేటప్పుడు "మాకే ఫిర్యాదూ లేదు" అన్న వాక్యం ఉన్న కాగితం ముందు పెడతారు. దాని మీద సంతకం చేయకండి. డబ్బు ఆలస్యమైతే అదీ కమిషన్‌లోనే అడగవచ్చు.