‘స్వతంత్ర’ సెనేటర్, ‘అతిథి’ పాత్ర

సందేహం: అమెరికా సెనేటర్ బెర్నీ శాండర్స్ గురించి మా తెలుగు సంఘం పత్రికకు చిన్న వ్యాసం రాశాను. అందులో ఒక వాక్యం: ‘స్వతంత్ర అభ్యర్థి సెనేటర్ బెర్నీ శాండర్స్ 1988, 1999లలో రెండు సినిమాల్లోనూ, 2016లో ఒక టీవీ షోలోనూ అతిథి పాత్రలు పోషించారు.’ సంపాదకులు దాన్ని ‘స్వాతంత్ర్య సెనేటర్’ అని దిద్దారు. ఏది ఒప్పు? ‘అతిథి పాత్ర’ అనడం కుదురుతుందా? పేరు శాండర్సా, సాండర్సా?
– డాలస్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: దిద్దుబాటే తప్పు. ‘స్వతంత్ర’ మనిషికి విశేషణం. స్వతంత్రుడి భావం స్వాతంత్ర్యం. స్వాతంత్ర్య దినోత్సవం, స్వాతంత్ర్య సమరం అన్నప్పుడు ఆ మాట సరిగ్గా అతుకుతుంది. ‘స్వాతంత్ర్య సెనేటర్’ అంటే మాత్రం ఏ దేశ విముక్తి కోసమో పోరాడి వచ్చిన సెనేటర్ కాబోలు అనిపిస్తుంది. ఈ రెంటినీ కలిపి ‘స్వతంత్ర్యం’ అని రాసేవారూ ఉన్నారు. అది ఎటూ చెల్లదు. ‘స్వతంత్రం’ అని నామవాచకంగా వాడటం మాత్రం తెలుగులో ఎప్పుడో స్థిరపడింది, ‘స్వతంత్రం వచ్చిన ఏడాది పుట్టాను’ అనే పెద్దలను తప్పుపట్టనక్కర్లేదు. చనువు తీసుకోవడానికి ‘స్వతంత్రించి’ అనే క్రియ కూడా మనకు ఉంది. స్వతంత్రించి దిద్దే సంపాదకులూ ఉన్నారు మరి.

మీ వాక్యంలోనూ ఒక మాట ఎక్కువైంది. అభ్యర్థి అంటే అర్థించేవాడు, ఓటు అడిగేవాడు. గెలిచి సభలో కూర్చున్నాక ఆ మాట పోవాలి. ‘స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన సెనేటర్’ అనండి, లేదా ‘స్వతంత్ర సెనేటర్’ అనండి. పత్రికల్లో కనిపించే ‘ఇండిపెండెంట్’ కూడా నాకు అభ్యంతరం కాదు. దాని అవసరం ఒకప్పుడు మనకు బాగా తెలిసివచ్చింది కూడా. రాజాజీ 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు, దానికి తొలి అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా. 1967 ఎన్నికల్లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. ఆ కాలంలో ‘స్వతంత్ర సభ్యుడు’ అని రాస్తే ఏ పార్టీకీ చెందనివాడా, స్వతంత్ర పార్టీవాడా అన్నది చదివేవారు ఊహించుకోవలసిందే.

పాణిని ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు. క్రియ విషయంలో ఎవరు ఇతరుల మీద ఆధారపడరో వారే వాక్యంలో కర్త అని అర్థం. వ్యాకరణంలో ఇది తేలికగానే తేలుతుంది, రాజకీయాల్లో అంత తేలిక కాదు. శాండర్స్ సెనేట్‌లో డెమొక్రాట్ల పక్షంతోనే కలిసి నడుస్తారు. 2016లో, 2020లో అధ్యక్ష పదవికి ఆ పార్టీ నామినేషన్ కోసమే పోటీపడ్డారు. ఇదేం స్వతంత్రం అని మీ పాఠకులు అడుగుతారు, అడగాలి కూడా. మనకు ఆ మాట వెనుక రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. 1985 నుంచి మన దగ్గర స్వతంత్రుడిగా గెలిచినవాడు తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వానికి అనర్హుడవుతాడు. అమెరికాలో అలాంటి కట్టడి లేదు. ఇంకో తేడా ఉంది. మన దగ్గర చాలామంది స్వతంత్రులు బీ ఫారం దొరకక స్వతంత్రులైనవారు, వారిని ‘రెబల్’ అనో ‘తిరుగుబాటు అభ్యర్థి’ అనో అంటాం. శాండర్స్ కథ తిరగబడింది. తన రాష్ట్రం వెర్మాంట్‌లో డెమొక్రాట్ల ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక గెలిచి, చేతికొచ్చిన ఆ నామినేషన్‌ను వద్దని, స్వతంత్రుడిగానే బరిలో దిగడం ఆయనకు అలవాటు. 2006, 2012, 2018 ఎన్నికల్లో అదే చేశారు. కాబట్టి ఆయన్ను రెబల్ అనకండి. ‘ఏకైక స్వతంత్ర సెనేటర్’ అని కూడా అనకండి, మెయిన్ రాష్ట్రం నుంచి 2013లో సెనేట్‌కు వచ్చిన ఆంగస్ కింగ్ కూడా స్వతంత్రుడే.

మీరు అడగని తప్పు ఒకటి ఉంది, నా లెక్కలో అదే పెద్దది. ‘సెనేటర్ బెర్నీ శాండర్స్ 1988లో సినిమాలో’ అన్నారు. 1988లో ఆయన సెనేటర్ కాదు, వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ అనే ఊరికి మేయర్. 1981లో కేవలం 10 ఓట్ల తేడాతో ఆ పదవిలోకి వచ్చారు. 1988లోనే ప్రతినిధుల సభకు పోటీచేసి ఓడిపోయారు, 1990లో గెలిచారు. అంటే 1999 నాటి సినిమాకు ఆయన ప్రతినిధుల సభ సభ్యుడు. సెనేట్‌లో అడుగుపెట్టింది 2007లో. ‘ముఖ్యమంత్రి ఎన్టీఆర్ 1949లో ‘మనదేశం’లో పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా నటించారు’ అని ఎవరైనా రాస్తే మనం నవ్వమా? పరదేశపు పేరు కావడంతో ఇక్కడ నవ్వు రాలేదు, అంతే. పేరుకు ముందు తగిలించిన పదవి క్రియ జరిగిన కాలానిదే అని తెలుగు పాఠకుడు అనుకుంటాడు. కాలం వేరైతే ‘అప్పటి మేయర్’, ‘తర్వాత సెనేటర్ అయిన’ అంటూ విప్పి చెప్పాల్సిందే.

ఇక అతిథి పాత్ర. మన సినిమా వాడుకలో ఈ మాటకు రెండు షరతులు ఉన్నాయి: వచ్చినవాడు ప్రేక్షకులకు ముందే తెలిసిన మనిషై ఉండాలి, పాత్ర చిన్నదై ఉండాలి. 1988 నాటి సినిమా ‘స్వీట్ హార్ట్స్ డాన్స్’లో శాండర్స్ చేసిందల్లా హాలోవీన్ రోజున గుమ్మంలోకి వచ్చిన పిల్లలకు మిఠాయిలు పంచడం. వెర్మాంట్ దాటితే 1988లో ఆయన మొహం ఎందరికి తెలుసు? అక్కడ ‘చిన్న పాత్రలో కనిపించారు’ చాలు. 1999 సినిమా సంగతి వేరు. అందులో ఆయన రబ్బీ, అంటే యూదు మతాచార్యుడు. పెళ్లి విందులో మాట్లాడుతూ మాట్లాడుతూ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు బ్రూక్లిన్ వదిలి వెళ్లిపోయిందని వాపోతాడు. బ్రూక్లిన్‌లో పుట్టిన శాండర్స్‌కు ఆ బాధ సొంతమే అనుకోండి, అయినా పేరూ వేషమూ వేరొకరివి. దీన్ని ‘వేషం వేశారు’ అనవచ్చు, ‘నటించారు’ అనవచ్చు, ‘అతిథి పాత్ర’ కూడా నప్పుతుంది.

మాట నిండుగా సరిపోయేది 2016 ఫిబ్రవరి నాటి టీవీ హాస్య కార్యక్రమం ‘సాటర్‌డే నైట్ లైవ్’కే. అంతకు నాలుగు నెలల ముందు నుంచీ హాస్యనటుడు లారీ డేవిడ్ ఆ షోలో శాండర్స్‌ను అనుకరిస్తున్నారు. ఆయనే ఆ వారం షో నడుపుతుండగా అసలు శాండర్స్ వచ్చి, పాతకాలపు ఓడలో వలస వస్తున్న ప్రయాణికుడిగా ఒక స్కిట్‌లో కనిపించారు. దేశమంతా తెలిసిన మనిషి, చిన్న వేషం, ఇంకొకరి వేదిక. వీరిద్దరూ దూరపు బంధువులని 2017లో ఒక టీవీ కార్యక్రమం వంశవృక్షం తీసి చూపించింది కాబట్టి, పట్టుబడితే దాన్ని చుట్టం పాత్ర అనాలేమో!

వ్యాసంలో చోటుంటే 1979 సంగతి చేర్చండి. అప్పటికి ఏ పదవీ లేని శాండర్స్, సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ మీద తానే ఒక డాక్యుమెంటరీ తయారుచేసి, డెబ్స్ ఉపన్యాసాలను తన బ్రూక్లిన్ యాసలోనే చదివారు. దీనికి నటించారు, పోషించారు ఏవీ పనికిరావు. ‘గొంతు ఇచ్చారు’ అనండి.

మొత్తం మీద వాక్యం ఇలా ఉంటే నాకు తృప్తి: ‘ఇప్పుడు స్వతంత్ర సెనేటర్‌గా ఉన్న బెర్నీ శాండర్స్ మేయర్‌గా ఉన్న రోజుల్లో ఒక సినిమాలో కాసేపు కనిపించారు, ప్రతినిధుల సభలో ఉండగా మరోదానిలో రబ్బీ వేషం వేశారు, సెనేటర్ అయ్యాక టీవీలో అతిథి పాత్ర చేశారు.’ కాస్త పొడుగైంది, విరిచి రెండు వాక్యాలు చేసుకున్నా మంచిదే.

శాండర్స్ అనే రాయండి. ఆ పేరులో మొదటి అక్షరం ఇంగ్లీషువారి నోట శకారం కాదు, నిజమే. కానీ దాని పక్కనున్న అచ్చు ‘బ్యాంకు’లో వినిపించేది. ఆ అచ్చుకు తెలుగులో విడిగా అక్షరం లేక శాంపిల్, శాటిలైట్ అని శకారంతో రాస్తూ వచ్చాం. పత్రికలూ ఈ పేరును అలాగే రాస్తున్నాయి.