మినియాపొలిస్ పాత పిండి మిల్లు శిథిలాలు పెద్దవాళ్లకు చూపించొచ్చా?

ఇండియా నుంచి మా అత్తమామలు వచ్చారు, మిల్ రూయిన్స్ పార్కులో మొండిగోడలు తప్ప చూపించడానికి ఏమైనా ఉన్నాయా అని ఒకరు అడిగారు. ఉన్నాయండి, కాకపోతే ఏది ముందు చూడాలన్నది తెలియాలి. చాలామంది పక్కనే నది మీదున్న స్టోన్ ఆర్చ్ బ్రిడ్జి మీద ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అక్కణ్ణుంచి చూస్తే నిజంగానే అవి ఉత్త రాళ్లే.

మా అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు మేం ముందు కిందికి, నది ఒడ్డుకే దిగాం. నాన్న చూడగానే "మరి చక్రం ఎక్కడ తిరిగేదిరా?" అన్నారు. బయట చక్రం లేదు. సెయింట్ ఆంథోనీ జలపాతం పైనుంచి మిసిసిపీ నీళ్లను కాలువలోకి మళ్లించి, మిల్లుల అడుగున లోతైన గుంతల్లోకి వదిలేవారు. ఆ పడే బలానికి టర్బైన్లు తిరిగేవి. పనయ్యాక ఆ నీళ్లు ఒడ్డు కింది తూముల గుండా తిరిగి నదిలో కలిసేవి. రాతి కమానులతో కింద కనిపించేవి ఆ తూములే. ఏళ్ల తరబడి మట్టి కింద పూడిపోయి ఉంటే తవ్వి బయటికి తీశారు. నాన్న వాటి దగ్గర నిలబడి, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేవో చేత్తో గాల్లో గీసుకుంటూ చాలాసేపు కదల్లేదు. జలపాతం మాత్రం పెద్దగా ఊహించుకోకండి. ఇప్పుడది కాంక్రీటు వాలు మీద జారే నీళ్లే.

తర్వాత పైకొచ్చి మిల్ సిటీ మ్యూజియం చూడండి. అది వాష్‌బర్న్ 'ఎ' మిల్లు మొండిగోడల మధ్యే ఉంది. 1874లో కట్టిన ఆ మిల్లు 1878 మే 2 సాయంత్రం పేలిపోయి 18 మంది చనిపోయారు. పేలింది గాల్లో తేలే పిండి దుమ్ము! "పిండి పేలడమేంట్రా" అని అమ్మ నమ్మలేదు. బస్తాలో పిండికి నిప్పు అంత తేలిగ్గా అంటుకోదు. అదే గాల్లో పరుచుకుంటే ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వతో మొత్తం భగ్గుమంటుంది. 1880కల్లా మళ్లీ కట్టారు, 1965లో మూసేశారు, 1991లో కాలిపోయింది. మ్యూజియం 2003లో వచ్చింది.

లోపల ఫ్లౌర్ టవర్ (Flour, అంటే పిండి) అని పెద్ద లిఫ్టులో కూర్చోబెట్టి, అంతస్తు అంతస్తుకీ ఆపుతూ మిల్లు ఎలా నడిచేదో చూపిస్తారు. వ్యాఖ్యానమంతా ఇంగ్లీషే కాబట్టి పక్కన కూర్చుని చెబుతూ ఉండండి. అది మాత్రం మిస్ కావద్దు.

పార్కుకి టికెట్ లేదు, మ్యూజియానికి ఉంది. వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి. మోకాళ్ల నొప్పులుంటే కిందికి దిగే వాలు దగ్గర ఇబ్బందే, అప్పుడు పైనుంచే చూపించి మ్యూజియానికి వెళ్లిపోండి. చలికాలంలో మాత్రం వద్దు, మంచు మీద పెద్దవాళ్లతో టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తిండికి మేం పులిహోర కట్టుకెళ్లాం, నది ఎదురుగా కూర్చుని తినేశాం.