మాస్టారిని అడగండి: టీవీ ముందు ఇంగ్లీషు

ప్రశ్న: సెలవులకు మా మనవలు డల్లాస్ నుంచి వచ్చారు. రాత్రి అన్నాల వేళ మనవరాలితో ‘క్లోజ్ ది టీవీ’ అంటే, టీవీ కింద ఉన్న అర తలుపు మూసి వచ్చింది. నేను ఇంటర్ వరకు చదివాను. టీవీ చూసేటప్పుడు పిల్లలతో అనదగ్గ మాటలు చెప్తారా?
- ఒక అమ్మమ్మ, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అమ్మా, పాప మీరు చెప్పిన పనే చేసింది. 1980లలో మన ఇళ్లకు వచ్చిన టీవీలు చాలావాటికి చెక్కపెట్టె, పక్కలకు జరిపే తలుపులు ఉండేవి. వాటినైతే ‘క్లోజ్’ చేయవచ్చు. టీవీ కట్టేయడానికి మాత్రం ఆ మాట పనికిరాదు.

అన్నిటికన్నా ముందు ‘టర్న్’ అనే క్రియను పట్టుకోండి. దాని పక్కన చేరే చిన్న మాటే పని చెబుతుంది. ‘టర్న్ ఆన్’ అంటే పెట్టు, ‘టర్న్ ఆఫ్’ అంటే కట్టేయి. ‘అప్’ చేరితే సౌండు పెంచమని, ‘డౌన్’ చేరితే తగ్గించమని. మా విజయవాడలో పిల్లలకు పాఠం చెప్పినన్నాళ్లూ నేను నొక్కి చెప్పిన సంగతి మరొకటి ఉంది. ‘టర్న్ డౌన్ ది టీవీ’ అనవచ్చు, ‘టర్న్ ది టీవీ డౌన్’ అనీ అనవచ్చు. కానీ టీవీ బదులు ‘ఇట్’ వాడితే అది మధ్యలోనే కూర్చోవాలి: ‘టర్న్ ఇట్ డౌన్, ప్లీజ్’. ‘టర్న్ డౌన్ ఇట్’ అనకూడదు. ఈ ఒక్కటీ నోటికి పడితే మిగతావి సులువు.

టీవీలో ఏం వస్తోందని అడగాలంటే ‘కమింగ్’ వద్దు. ‘వాట్స్ ఆన్ టీవీ?’ అనండి. చానల్ పేరుకు ముందు కూడా ‘ఆన్’ పెట్టాలి: ‘ది న్యూస్ ఈజ్ ఆన్ సప్తగిరి’. ‘ఇన్ టీవీ’ అంటే ఆ పెట్టె లోపల అన్నట్టు ఉంటుంది.

టీవీకి ‘వాచ్’ వాడతారు. గాంధీనగర్‌లో హాలుకు వెళ్లి చూసిన సినిమాకైతే ‘సీ’ సహజం. అదే సినిమాను ఇంట్లో టీవీలో చూస్తే మళ్లీ ‘వాచ్’.

పిల్లలు ‘సీజన్’ అన్నప్పుడు కంగారుపడకండి. వరుసగా వచ్చే కొన్ని ఎపిసోడ్ల విడతను అమెరికాలో అలా అంటారు. బ్రిటన్‌లో దాన్నే ‘సిరీస్’ అంటారు. కథ ముందే చెప్పేస్తే ‘నో స్పాయిలర్స్!’ అని అరుస్తారు.

ఈ మాటలు పుస్తకంలో రాసుకుని బట్టీపట్టడం నాకు నచ్చదు. వాళ్ల కార్యక్రమం చూసేటప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టించుకోండి; చెవికి అందని మాట కంటికి దొరుకుతుంది. మీ సీరియల్ వేళకు రిమోట్ అడగాలంటే ‘కెన్ ఐ చేంజ్ ద చానల్?’ చాలు. వాళ్ల మాటల్లో అర్థం కానిది ఏదైనా ఉంటే, విన్నది విన్నట్టే తెలుగు లిపిలో రాసి పంపండి. వచ్చే సంచికలో చెప్తాను.