కరపత్రం రాసే చెల్లికి

హైదరాబాద్

చెల్లీ,

నీ ఎన్నికల కరపత్రం ముసాయిదా చదివాను. చెయ్యి తిరిగిన రాతే. "ఇందులో ఒక్క అబద్ధం లేదక్కా, అయినా ఎందుకో మనసొప్పట్లేదు" అని పైన చీటీ పెట్టావు. ఎందుకో నీ ఆరో వాక్యంలోనే ఉంది: "నాలా విస్తరణకు 40 కోట్లు." క్రియ ఏదమ్మా? క్రియ లేకపోయినా వాక్యం నిలబడటం తెలుగుకున్న సొగసు. ఎన్నికల రాతలో మాత్రం మసిపూసి మారేడుకాయ చేసే పనంతా ఆ ఖాళీలోనే సాగుతుంది.

ప్రభుత్వ పని ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది. ముందు పరిపాలనా అనుమతి జీవో వస్తుంది. తర్వాత ఇంజినీర్ల సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం. పని మొదలయ్యాక జరిగినంత పని కొలతలు ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కుతాయి, వాటి మీద బిల్లు పెడతారు, ఆపైన ఎప్పటికో చెల్లింపు. జీవోలో 40 కోట్లు ఉన్నంత మాత్రాన నాలాలో రాయి పడినట్టు కాదు. "మంజూరయ్యాయి", "టెండరు పిలిచారు", "12 కోట్ల పని కొలతకెక్కింది" అన్నవి మూడు వేరు సంగతులు. క్రియ తీసేస్తే చదివేవాళ్లకు మాత్రం "ఖర్చు పెట్టారు" అనే వినిపిస్తుంది. నువ్వు అబద్ధం రాయలేదు, వాళ్లే అలా అనుకునేలా చేశావు.

బడ్జెట్ అంకెలదీ ఇదే తంతు. 2024-25 బడ్జెట్ పత్రాల్లో ఆ ఏటి అంచనా, 2023-24 సవరించిన అంచనా, 2022-23 వాస్తవ లెక్క పక్కపక్కనే ఉంటాయి. పార్టీ ఆఫీసులో నీకిచ్చే అంకె సాధారణంగా మొదటిదే, ఎందుకంటే అదే కంటికి నిండుగా ఉంటుంది. నువ్వు మూడోదాని కోసం వెతుకు. దొరక్కపోతే "కేటాయించారు" అనే రాయి, "ఖర్చు చేశారు" అనకు. ఉద్యోగాల సంగతి మరీ గజిబిజి. నోటిఫికేషన్ ఒక ప్రభుత్వం ఇస్తుంది, పరీక్షలూ కోర్టు కేసులూ గడిచాక నియామక పత్రాలు ఇంకో ప్రభుత్వం పంచుతుంది, ఇద్దరూ మొత్తం తమ ఖాతాలోనే వేసుకుంటారు. "నోటిఫికేషన్ వాళ్లది, నియామక పత్రాలు మావి" అని రాస్తే వాక్యం కాస్త పొడవవుతుంది గానీ ఎవడూ దాన్ని ముట్టుకోలేడు.

తలసరి ఆదాయం లక్ష నుంచి రెండు లక్షలైందని రాస్తే, ఆ కాలంలో ధరలు 60 శాతం పెరిగాయనుకో, నిజంగా పెరిగింది పాతిక శాతమే. ప్రస్తుత ధరల అంకా, ధరల పెరుగుదల తీసేసిన స్థిర ధరల అంకా అని అడక్కుండా ఆ వాక్యం ప్రెస్సుకు పంపకు. ఓట్ల శాతం 4 నుంచి 6కి చేరితే "50 శాతం పెరుగుదల" అనే చమత్కారం కూడా వద్దు.

ఇక నీ రెండో పేజీలో ఉన్న "అట". "ఎదుటి అభ్యర్థి భూములు కాజేశాడట." అంటున్నది మనం కాదు, ఎవరో అన్నారన్నట్టు ఒక్క అక్షరంతో తప్పుకోవడం మనకు అలవాటే. చట్టం ఆ అక్షరాన్ని పట్టించుకోదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) ప్రకారం, అభ్యర్థి వ్యక్తిగత శీలం మీద అబద్ధమని తెలిసి గానీ, నిజమన్న నమ్మకం లేకుండా గానీ ఒక తప్పుడు సంగతి ప్రచురించి అతని గెలుపు అవకాశాలు దెబ్బతీయజూస్తే అది అవినీతి చర్య. అభ్యర్థి గానీ అతని ఎన్నికల ఏజెంటు గానీ చేసినట్టు, లేదా వాళ్ల సమ్మతితో జరిగినట్టు తేలితే గెలిచిన ఎన్నికే రద్దవుతుంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు. ఎదుటివాడి మీద రాయాల్సింది ఉంటే అతనే సంతకం పెట్టి నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ తియ్యి. కేసులు, ఆస్తులు, అప్పులు అన్నీ అందులోనే ఉంటాయి. కేసు రాస్తే అది ఏ దశలో ఉందో కూడా రాయి. అభియోగం మోపడం వేరు, శిక్ష పడటం వేరు.

వీడియో కోసం ఎదుటి అభ్యర్థి ప్రసంగం ముక్క కోస్తే ముందు వాక్యమూ తర్వాతి వాక్యమూ ఉంచు. ఆ రెండూ ఉంచితే అర్థం తిరగబడుతోందంటే ఆ ముక్క పనికిరాదు.

హామీల దగ్గర కాసేపు కూర్చో. "రెండు రూపాయలకే కిలో బియ్యం" అని 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ ఇచ్చిన మాట ఇప్పటికీ జనం నోట ఉందంటే, ధర, తూకం రెండూ అందులోనే ఉండటమే కారణం. రేషన్ షాపు ముందు నిలబడి ఎవరైనా సరిచూసుకోవచ్చు. నీ "మహిళలకు నెలకు 2,000" లో ఏ మహిళలు? పది లక్షల మందికైతే నెలకు 200 కోట్లు, ఏడాదికి 2,400 కోట్లు. సుప్రీంకోర్టు 2013లో తీర్పు ఇచ్చాక ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో ఒక భాగం చేర్చింది: మేనిఫెస్టోలో హామీకి కారణం, డబ్బు వచ్చే దారి స్థూలంగానైనా చెప్పాలి. వయసు, రేషన్ కార్డు, ఆదాయ పరిమితి వంటి షరతులుంటే హామీ వేసిన అక్షరాల సైజులోనే వెయ్యి. అంత చోటు లేదంటారు లేఅవుట్ వాళ్లు. ధర్మరాజు "కుంజరః" అన్నదీ అంతే సన్నగా.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ లాగా నిన్ను నివేదిక రాయమనట్లేదు. మన పక్షం మంచి ముందు పెట్టు, పదును పెట్టు, ఎదుటివాళ్ల మంచి వాళ్లే రాసుకుంటారు. ఏది చెప్పాలో ఎంచుకోవడం నీ హక్కు. ఎంచుకున్నదాన్ని వంచడమే వద్దంటున్నాను. ప్రతి వాక్యానికీ ఒక నంబరు వేసి, దాని జీవో నంబరు, తేదీ, పేజీ ఒక ఫైల్లో రాసుకో. ఫొటో అయితే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారో. ఇంకో ఊరి ఫ్లైఓవర్ మన ఖాతాలో పడేది ఇక్కడే.

ప్రెస్సు పని తొందరగా చెప్తాను. కరపత్రం ముఖం మీదే ప్రింటరు, పబ్లిషరు పేర్లు, చిరునామాలు ఉండాలి. పబ్లిషరు సంతకంతో, అతన్ని స్వయంగా తెలిసిన ఇద్దరు ధ్రువీకరించిన డిక్లరేషన్ రెండు ప్రతులు ప్రెస్సుకివ్వాలి. రాజధానిలో అచ్చు కాబట్టి ఒక ప్రతి ప్రధాన ఎన్నికల అధికారికి వెళ్తుంది, జిల్లాల్లో అయితే జిల్లా మేజిస్ట్రేటుకు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. సభ తేదీ, చోటు మాత్రమే చెప్పే చీటీకి ఇది వర్తించదు. టీవీ ప్రకటనకైతే ఎంసీఎంసీ, అంటే ఎన్నికల ప్రకటనలను ముందే పరిశీలించే కమిటీ, సర్టిఫికెట్ కావాలి. గుర్తింపు పొందిన పార్టీ ప్రసారానికి కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి.

నీ కాగితాలు వెనక్కి పంపుతున్నాను, ఏడు చోట్ల ఎర్ర గీతలున్నాయి. నాలా పేరాకు ఎంబీ నకలు దొరికితే అందులో కొలతకెక్కిన అంకె రాయి. దొరక్కపోతే ఏ కల్వర్టు నుంచి ఏ కల్వర్టు దాకా గోడ లేచిందో, ఎక్కడ ఆగిందో రాయి. ఆ బస్తీవాళ్లకు అది రోజూ కనపడేదే.

ఉంటాను,
అక్క