మంజూరు చేసిన సెలవు, ప్రయాణం ముందు రద్దు

ప్రశ్న: నెల్లూరు సమీపంలోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో గ్రేడింగ్ పని చేస్తున్నాను. అమ్మానాన్నలను కాశీకి తీసుకువెళ్లడానికి నెలన్నర ముందే సెలవు మంజూరు చేయించుకుని రైలు టికెట్లు కొన్నాను. బయలుదేరడానికి రెండు రోజుల ముందు రాత్రి, చెరువుల్లో రొయ్యల పట్టుబడులు ఎక్కువగా ఉన్నాయని, సెలవులన్నీ రద్దయ్యాయని మేనేజర్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. వెళితే మెమో ఇస్తామన్నందున ప్రయాణం మానుకున్నాను. ఆ సెలవు పోయినట్లేనా? టికెట్ల నష్టం అడగవచ్చా?
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: సెలవు పోలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమలులో ఉన్న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలోని 32వ సెక్షన్ ప్రకారం, ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికునికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద ఇందుకు 240 రోజులు పనిచేయవలసి ఉండేది. వాడుకోని సెలవు మరుసటి ఏడాదికి 30 రోజుల వరకే జమ అవుతుంది గాని, కార్మికుడు అడిగినా యాజమాన్యం ఇవ్వని సెలవుకు ఆ పరిమితి లేదు. మంజూరు చేసి రద్దు చేసినదీ ఇవ్వని సెలవు కిందికే వస్తుందని నా అభిప్రాయం. కాబట్టి ఆ మెసేజ్‌ను చెరిపివేయకుండా ప్రింట్ తీసి, సంతకమైన సెలవు ఫారం నకలుతో జతచేసి, ‘మీ ఆదేశం మేరకే సెలవు వాడుకోలేదు, దానిని నా ఖాతాలో అలాగే ఉంచగలరు’ అని వ్రాసి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. (సూపర్‌వైజర్‌గా నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునేవారు ఈ సెక్షన్‌లోని ‘కార్మికుడు’ కిందికి రారు.)

టికెట్ల డబ్బు యాజమాన్యమే ఇవ్వాలని ఆ సెక్షన్ చెప్పదు. అయినా అడగండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కనుక, నెలన్నర ముందు సెలవు మంజూరు చేసినవారికి ఉద్యోగి వెంటనే టికెట్లు కొంటాడని తెలియకపోదు. ఒక చెరువులో తెగులు కనిపిస్తే చుట్టుపక్కల రైతులంతా ఒక్కసారే పట్టుబడికి దిగుతారని, ఐసులో పెట్టిన రొయ్య ఎవరి కాశీయాత్ర కోసమూ ఆగదని నేనూ ఒప్పుకుంటాను. అయితే అది ఈ ప్రాంతంలో కొత్త విషయం కాదు. అటువంటి రోజులకు అదనపు మనుషులను సిద్ధంగా ఉంచుకోని యాజమాన్యం, ఆ ఖర్చును గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబడే మనిషి జేబులోంచి రాబట్టడం న్యాయం కాదు. రద్దు చేసిన టికెట్లు, కోతపోగా వాపసు వచ్చిన మొత్తం చూపే కాగితాలు జతచేసి, తేడాతోపాటు ప్రత్యామ్నాయ తేదీలు కూడా అదే లేఖలో కోరండి. జవాబు రాకపోతే యూనియన్ ద్వారా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లడం మేలు.

మెమోకు భయపడి ఆగడం తెలివైన పనే. చట్టబద్ధమైన, సహేతుకమైన ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా ధిక్కరించడం స్టాండింగ్ ఆర్డర్లలో (సంస్థలో ఉద్యోగుల నడవడికి సంబంధించిన నియమాలలో) దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. ప్రయాణానికి రెండు రోజుల ముందు రద్దు చేయడం సహేతుకమా అని మీరు వాదించవచ్చు గాని, ఆ వాదన విచారణలో, మెమో అందుకున్న తరువాత చేయవలసి వచ్చేది.

ప్రశ్న: ఒంగోలులో ప్రభుత్వోద్యోగిని. ఆర్జిత సెలవుపై హైదరాబాదులో ఉండగా ఫోన్ చేసి, వెంటనే విధులలో చేరమన్నారు. ఇది చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రభుత్వోద్యోగులకు వర్తించే ప్రాథమిక నియమాలలోని (ఫండమెంటల్ రూల్స్) 67వ నియమం ప్రకారం సెలవును హక్కుగా కోరలేము, ప్రజాసేవ అవసరాలను బట్టి అధికారి దానిని నిరాకరించవచ్చు, రద్దు చేయవచ్చు. అయితే సెలవు మధ్యలో వెనక్కి పిలిచే ఉత్తర్వులో, తిరిగి చేరడం తప్పనిసరా, ఐచ్ఛికమా అన్నది స్పష్టం చేయాలని 70వ నియమం చెబుతోంది. తప్పనిసరి అయితే, చేరవలసిన చోటుకు బయలుదేరిన రోజు నుంచే మీరు విధులలో ఉన్నట్లు లెక్క. ప్రయాణ భత్యం కూడా వస్తుంది. ఐచ్ఛికమైతే ఇవేవీ ఉండవు. ఇప్పటికే చేరి ఉంటే, ‘తప్పనిసరి’ అని పేర్కొంటూ ఉత్తర్వు ఇప్పించమని భత్యం బిల్లు పెట్టడానికి ముందే కోరండి.